పెట్టెలో వచ్చిన ప్రపంచం



సారు పేరు మీద ఏటా జరిగే ఈ ఉపన్యాసంలో ఆయన పేరు పలకడానికి నాకు నోరు రావడం లేదు. మా బడిలో ఎవరూ ఆయన్ని పేరు పెట్టి పిలిచి ఎరగరు. జీతాల రిజిస్టర్లో ఆ పేరు ఉండేదేమో గానీ మాకు మాత్రం ఆయన డ్రాయింగ్ సారు. ఇవాళ కూడా సారనే అంటాను. స్మారక సమితివారు మన్నించాలి.

1974లో నేను ఏడో తరగతి. సారు మమ్మల్ని నలభైమందిని సాలార్‌జంగ్ మ్యూజియానికి తీసుకుపోయారు. మూసీ ఒడ్డున ఆ కొత్త భవనం తెరిచి అప్పటికి ఆరేళ్లు. లోపలికి అడుగు పెట్టగానే అందరి కాళ్లూ గంటల గడియారం వైపే లాగాయి. సారు అటు పోనివ్వలేదు. "పన్నెండింటికి చూద్దాం, అప్పుడు ఎక్కువసార్లు కొడుతది" అని చెప్పి, చెక్కతో చేసిన ఒక నిలువెత్తు బొమ్మ ముందు నిలబెట్టారు. మీలో చాలామంది చూసే ఉంటారు. ఒకే దుంగ. ముందువైపు గర్వంగా నిలబడ్డ మగమనిషి. వెనక పెట్టిన అద్దంలో చూస్తే, అదే దుంగ రెండోవైపు, చేతిలో పుస్తకం పట్టుకుని తల వంచుకున్న ఆడమనిషి. జర్మన్ కవి గేథే రాసిన ఫౌస్ట్ నాటకంలోని మెఫిస్టాఫిలిస్, మార్గరెట్ వాళ్లు. అప్పుడు మాకవేవీ తెలియవు.

సారు ఏమీ చెప్పలేదు. "అద్దంలో ఎవరున్నరు?" అని మాత్రం అడిగారు. వెనక వరసలోంచి ఒక పిల్లవాడు, "ఆయన పెండ్లాం" అన్నాడు. మేమంతా పగలబడి నవ్వాం. సారు నవ్వలేదు. "నీకట్ల ఎందుకనిపించింది, బిడ్డా?" అని అడిగారు. ఆ పిల్లవాడు కాసేపు నేల చూసి, "ఆమె తల వంచుకుంది, ఆయన వంచలేదు" అన్నాడు.

సారు ఆ తర్వాతే ఫౌస్ట్ కథ చెప్పారు. సైతాను మాయలో చిక్కిన పిల్ల కథ. కథ విన్నాక మాకెవరికీ నవ్వు రాలేదు. ఆ పిల్లవాడికి జర్మనీ ఎక్కడుందో తెలియదు. కానీ వంచిన తలకూ వంచని తలకూ మధ్య ఏముంటుందో వాడి ఇంట్లో వాడు చూసే ఉన్నాడు. శిల్పి చెక్కింది దాన్నే. నేను ముప్ఫై ఏళ్లు మ్యూజియం విద్యావిభాగంలో పనిచేసి నేర్చుకున్నదంతా సారు అడిగిన ఆ రెండో ప్రశ్నలో ఉంది. ఇవాళ దాన్ని గురించే మాట్లాడతాను.

మ్యూజియంవాళ్లు గడప దాటి బడులకూ, బస్తీలకూ, ఊళ్లకూ వెళ్లడాన్ని ప్రపంచమంతా అవుట్‌రీచ్ అంటోంది. మా ఫైళ్లలో దాన్ని 'విస్తరణ' అని రాసేవాళ్లం. వ్యవసాయ విస్తరణ అంటామే, ఆ మాటే. ఆ మాటలో ఒక చిక్కుంది. తెలిసినవాడు జీపెక్కి తెలియనివాడి దగ్గరికి పోతున్నాడన్న అర్థం దాని అడుగున ఉంది. ఏం తీసుకెళ్లాలో ఆలోచిస్తాం గానీ, తిరిగొచ్చేటప్పుడు ఏం తెచ్చుకోవాలో ఆలోచించం.

ఈ పని కొత్తది కాదు. 1904లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో పెద్ద అంతర్జాతీయ ప్రదర్శన జరిగింది. అది ముగిశాక, దేశదేశాల నుంచి వచ్చిన వస్తువులు కొన్నిటిని ఆ ఊరి బడులవాళ్లు సేకరించి 1905లో ఒక విద్యా మ్యూజియం పెట్టారు. చూడ్డానికి పిల్లలు అక్కడికి పోనక్కర్లేదు. టీచరు కావలసినవి రాసి పంపితే, పెట్టెల్లో సర్ది గుర్రపుబండి మీద బడికే చేర్చేవారు. లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం అంతకు ముందు నుంచే ఈ పని చేసింది. వస్తువుల్ని ఊరూరికీ, కళాశాలలకూ పంపడానికి దానికి ఒక ప్రత్యేక విభాగమే ఉండేది. దాన్ని 1977లో ఖర్చు తగ్గింపు పేరిట మూసేశారు. మ్యూజియంలో డబ్బు తక్కువైనప్పుడల్లా మొదట తెగేది బయటికి వెళ్లే దారే. ఇది ఆ దేశానికే పరిమితమైన సంగతి కాదు.

సెయింట్ లూయిస్ బండి నాకు ఇష్టమైన దృశ్యం. దాన్ని తలచుకుంటే సారు సైకిలు గుర్తొస్తుంది. క్యారియర్ మీద పాత ట్యూబుతో బిగించి కట్టిన ట్రంకుపెట్టె, నెలకోసారి ఒక్కో బడికి. కానీ ఆ బండిలో వచ్చిన సామాను ఎక్కడిదో కూడా చెప్పుకోవాలి. ఆ ప్రదర్శనలోనే ఫిలిప్పీన్స్ కొండజాతుల మనుషుల్ని తీసుకొచ్చి, గుడిసెలు వేయించి, టికెట్టు కొన్న జనానికి చూపించారు. 1889 పారిస్ ప్రదర్శనలో జావా పల్లె కట్టి, వాళ్లతో వాయింపించి, నాట్యం చేయించారు. ఫ్రెంచి స్వరకర్త డెబ్యూసీ అక్కడే గమెలాన్ విని ముగ్ధుడయ్యాడు. ఆ సంగతి సంగీత చరిత్రలో గొప్పగా రాస్తారు. వాయించినవాళ్లు ఎవరో, ఇంటికి ఎలా చేరారో రాయరు. ప్రపంచ సంగీతం మ్యూజియంలోకి నడిచొచ్చిన దారుల్లో ఇదొకటి. వాయించేవాణ్ణి వస్తువుతోపాటు వస్తువుగా చూసిన చూపు అది. ఇవాళ్టి అవుట్‌రీచ్‌లో మంచిదంతా ఆ చూపును వదిలించుకోవడానికి పడ్డ పాటే అని నా నమ్మకం.

2009లో నేను మూడు నెలలు లండన్‌లో ఉండి ఈ పనులు దగ్గర్నుంచి చూశాను. దక్షిణ లండన్‌లో ఫారెస్ట్ హిల్ అనే చోట హార్నిమన్ మ్యూజియం ఉంది. ఫ్రెడరిక్ జాన్ హార్నిమన్ తేయాకు వ్యాపారి. దేశదేశాల వస్తువులు పోగుచేసి 1890లో తన ఇంటినే జనానికి తెరిచాడు. 1901లో అదే చోట కొత్త భవనం కట్టించి నగర ప్రజలకు ఇచ్చాడు. అందులోని ఒక హాలు మధ్యలో ఒక వాల్రస్ కూర్చుని ఉంటుంది. కెనడా ఉత్తరాన హడ్సన్ అఖాతం నుంచి వచ్చిన సముద్ర జంతువు. ఏనుగుకున్నట్టు రెండు దంతాలు. బతికున్న వాల్రస్ ఒంటినిండా మడతలుంటాయి, వదులు చొక్కా తొడిగినట్టు. ఈ వాల్రస్‌కి ఒక్క మడతా లేదు. గాలి కొట్టిన బంతిలా నున్నగా ఉబ్బి ఉంటుంది. ఎందుకంటే, పందొమ్మిదో శతాబ్దంలో దాని చర్మంలో కూరుడు కూరిన పనివాడు బతికున్న వాల్రస్‌ని ఏనాడూ చూడలేదు. మడతలు అసలు ఉండాలని తెలియక, చర్మం ఎంతవరకు పడితే అంతవరకు నింపేశాడు.

పిల్లలు దాని ముందు ఆగి ఆశ్చర్యపోతారు. నేనూ చాలాసేపు నిలబడ్డాను. ఆ పనివాడు నిర్లక్ష్యం చేయలేదు, చాలా శ్రద్ధగానే కూరాడు. మా మ్యూజియంలో మేం రాసిన లేబుళ్లు నా కళ్లముందు ఒక్కొక్కటే కదిలాయి. ఎన్ని వాయిద్యాల గురించి, వాటిని వినకుండానే, శ్రద్ధగా రాశామో. పొడవు ఇంత, వెడల్పు ఇంత, కలప ఫలానా, కాలం ఫలానా. మడత ఒక్కటీ లేదు.

హార్నిమన్‌లో ఆ వాల్రస్‌ని సరిచేయకుండా అలాగే ఉంచుకున్నారు. కానీ పక్క గదుల్లో దానికి విరుగుడు వెతికారు. 2002లో తెరిచిన సంగీత విభాగంలో దాదాపు 1,300 వాయిద్యాలు అద్దాల వెనక ఉంటాయి. ఎదురుగా ఉన్న బల్ల మీద ఒక పేరు తాకితే ఆ వాయిద్యం పలుకు వినిపిస్తుంది. ఇంకో గదిలో వాయిద్యాలు తీసుకుని వాయించి చూడొచ్చు. వీటన్నిటికంటే నన్ను కదిలించింది, తాకడానికే కేటాయించిన సేకరణ. ముసుగులు, గిన్నెలు, బొమ్మలు, డోళ్లు, మూడున్నర వేలకు పైగా వస్తువులు. బడిపిల్లలు వాటిని ఒళ్లో పెట్టుకుని తిప్పి చూస్తారు, వాసన చూస్తారు. తాకితే అరుగుతాయని మ్యూజియంవాళ్లకు తెలియదా? తెలుసు. అరిగినా ఫర్వాలేదనుకున్న వస్తువులు కొన్ని ఉండాలని వాళ్లు నిర్ణయించుకున్నారు. మన దగ్గర వస్తువు పోతుందని భయపడి పిల్లల్ని పోగొట్టుకుంటున్నాం.

అక్కడ నేను చూసిన ఒక పూట చెప్తాను. తొమ్మిదేళ్ల పిల్లలు. బల్ల మీద నైజీరియా యోరుబా జాతివారి మాట్లాడే డోలు ఉంది. డమరుకంలా నడుము సన్నగా, చుట్టూ తోలు తాళ్లు. చంకలో పెట్టుకుని తాళ్లను నొక్కుతూ వంకీ పుల్లతో కొడితే స్వరం ఎక్కుతుంది, దిగుతుంది. యోరుబా భాషలో స్వరం మారితే మాట అర్థమే మారిపోతుంది. కాబట్టి ఆ డోలు నిజంగానే మాటలు పలుకుతుంది, పేర్లు పిలుస్తుంది, సామెతలు చెప్తుంది. పిల్లలు ఒక్కొక్కరూ దాన్ని బల్ల మీద పెట్టి కొడుతున్నారు. ఒక అబ్బాయి మాత్రం ఎవరూ చెప్పకుండానే చంకలో ఇరికించుకున్నాడు. నేర్పుతున్న ఆమె అది చూసింది. తను చెప్పబోయింది ఆపేసి, "నీకెలా తెలుసు?" అని అడిగింది. వాళ్ల చర్చిలో ఆదివారం వాయిస్తారట. ఆమె తన కుర్చీ వాడికిచ్చి తను నేల మీద పిల్లల మధ్య కూర్చుంది. మిగతా పావుగంట పాఠం వాడే చెప్పాడు. క్లాసులో అప్పటిదాకా నోరెత్తని పిల్లవాడని వాళ్ల టీచరు తర్వాత నాతో అంది. నాకు 1974 గుర్తొచ్చింది.

లండన్‌లోనే రాయల్ ఫెస్టివల్ హాలులో జావా గమెలాన్ ఒక పూర్తి సెట్టు ఉంది. 1987లో ఇండొనేషియా ప్రభుత్వం కానుకగా ఇచ్చింది. అది మ్యూజియం కాదు గానీ, బడిపిల్లలకు ఒక దేశపు సంగీతాన్ని ఎలా పరిచయం చేయాలో అక్కడ నేర్చుకున్నంతగా నేనెక్కడా నేర్చుకోలేదు. గమెలాన్ అంటే ఒక వాయిద్యం కాదు, వాయిద్యాల కుటుంబం. కంచు పలకలు, బోర్లించిన కుండల్లాంటి గంటలు, వేలాడే పెద్ద గాంగులు, డోళ్లు. అయిదు స్వరాల వరస ఒకటి, ఏడు స్వరాల వరస ఒకటి. ఒక్కో సెట్టును దానికదే శ్రుతి చేస్తారు. అందువల్ల ఒక సెట్టులోని పలకను ఇంకో సెట్టులో పెడితే పొసగదు. కలిసి పుట్టినవి కలిసే ఉండాలి. వాటికి పేరు పెడతారు, మనిషికి పెట్టినట్టు.

గదిలోకి వెళ్లే ముందు చెప్పులు విప్పమన్నారు. తర్వాత ఒకే ఒక నియమం: వాయిద్యాన్ని దాటి కాలు వేయకూడదు, చుట్టూ తిరిగి వెళ్లాలి. నా పక్కనున్న ఇంగ్లిషు పిల్లలకు అది వింతగా ఉంది. నాకు ఒళ్లు ఝల్లుమంది. పుస్తకానికి కాలు తగిలితే కళ్లకద్దుకోమని మా అమ్మ చెప్పిన మాట, తంబురా దాటబోతే మా సంగీతం టీచరు వేసిన కేక, ఒకేసారి వినిపించాయి. జావాకూ మనకూ మధ్య సముద్రాలున్నాయని పాఠాల్లో చదివాను. ఆ రోజు నా కాలు ఆగిన చోట ఆ దూరం లేదు.

తర్వాత జరిగింది ఇంకా గొప్పది. సంగీతం రానివాళ్లం పదిహేనుమందిమి గంటసేపట్లో కలిసి ఒక రచన వాయించాం. గమెలాన్ అల్లిక అలాంటిది. పెద్ద గాంగు చాలాసేపటికి ఒక్కసారి మోగుతుంది. అది మోగించేవాడు లెక్క పెట్టుకుంటూ ఓపిగ్గా కాచుకోవాలి. మధ్య వరస పలకలు అసలు బాణీని నెమ్మదిగా నడుపుతాయి. పై వరసవాళ్లు దాని చుట్టూ తీగలు అల్లుతారు. చెయ్యి ఊపి నడిపించేవాడు ఎవడూ ఉండడు. డోలు వినాలి, పక్కవాణ్ణి వినాలి. బ్రిటన్‌లో ఒక సంస్థ 2003 నుంచి ఇదే గమెలాన్‌ని జైళ్లలోకి తీసుకెళ్తోంది. ఎందుకో ఆ గంటసేపట్లో నాకు అర్థమైంది. పక్కవాడు మోగించేదాకా ఆగడం నేర్పే వాయిద్యం అది.

ఇక విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో జరిగిన షామియానా పని. నేను వెళ్లేసరికి అది ముగిసి చాలా ఏళ్లయింది. దాన్ని గురించి చదివింది, అక్కడివాళ్లు చెప్పగా విన్నది చెప్తాను. 1990లో ఆ మ్యూజియంలో నెహ్రూ గ్యాలరీ తెరిచారు. మొగలుల కాలపు వస్త్రాలు, చిత్రాలు, నగలు. నగరంలో వేలాది దక్షిణాసియా కుటుంబాలున్నాయి, కానీ ఆ గడప తొక్కేవాళ్లు తక్కువ. షిరీన్ అక్బర్ అనే విద్యాధికారి ఈ సంగతి పట్టించుకున్నారు. బంగ్లాదేశ్ నుంచి వచ్చిన ఆడవాళ్లు ఎక్కువగా ఉండే తూర్పు లండన్‌లో ఆమె అంతకు ముందు పనిచేసి ఉన్నారు. ఇంగ్లిషు రాక, భర్తతో తప్ప ఇల్లు కదలక, మ్యూజియమంటే తమది కాదనుకునే ఆడవాళ్లు వాళ్లు.

షిరీన్ అక్బర్ వాళ్లకు ఉపన్యాసాలు ఏర్పాటు చేయలేదు. చేతిలో సూది ఉన్నవాళ్లని గుర్తించారు. గుంపులుగా గ్యాలరీకి పిలిచారు. మొగలుల డేరాల అలంకారం చూపించారు. వరసగా తోరణాలు, ఒక్కో తోరణం కింద ఒక పూలమొక్క. మీరూ ఒక డేరా కుడదాం రండి అన్నారు. ఒక్కో గుంపుకీ ఒక్కో వస్త్రఫలకం. ఆ తోరణం కింద ఏ మొక్క నాటుకుంటారో మీ ఇష్టం. అంతే. 1991లో మొదలైన ఆ పని బ్రిటన్‌లోని ఎన్నో ఊళ్లకు పాకింది. వందలమంది ఆడవాళ్లు కుట్టారు. వదిలి వచ్చిన ఊళ్లనూ, చేరుకున్న ఊళ్లనూ పక్కపక్కనే పూయించారు. 1997లో ఆ ఫలకాలన్నిటినీ మ్యూజియంలో ప్రదర్శించారు. అదే ఏడాది షిరీన్ అక్బర్ కన్నుమూశారు.

నేనిక్కడ ఆగి ఒక మాట చెప్పాలి. ఆ ఆడవాళ్లకు మొగలుల చరిత్ర తెలియకపోవచ్చు. కానీ కుట్టు తెలుసు. అద్దం వెనకున్న పాత వస్త్రంలో దారం ఎటునుంచి ఎటు పోయిందో చూసీ చూడగానే చెప్పగల కళ్లు వాళ్లవి. మ్యూజియం పండితుడు ఏళ్లు చదివి పట్టుకునే సంగతి వాళ్ల వేళ్లకు ముందే తెలుసు. షిరీన్ అక్బర్ చేసిందల్లా ఆ వేళ్లకు కుర్చీ వేయడం. డోలు చంకలో పెట్టుకున్న పిల్లవాడికి హార్నిమన్‌లో నేర్పుతున్న ఆమె ఇచ్చిన కుర్చీ లాంటిదే.

తర్వాతి కాలంలో బెర్లిన్‌లో కూడా ఇలాంటిదే జరిగింది. 2015లో సిరియా, ఇరాక్‌ల నుంచి జనం ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చినప్పుడు, ఆ నగరంలోని నాలుగు మ్యూజియాలు అలా వచ్చినవాళ్లలో కొందరికి శిక్షణనిచ్చి గైడ్లుగా పెట్టుకున్నాయి. 'ముల్తకా' అని దాని పేరు. అరబ్బీలో కలుసుకునే చోటు అని అర్థం. ఇస్లామిక్ కళల మ్యూజియంలో అలెప్పో నగరపు ఒక వర్తకుడి ఇంటి గది ఉంది. 1600 ప్రాంతంలో రంగులు వేసిన చెక్క గోడలు. అలెప్పో బాంబుల్లో కూలుతున్న రోజుల్లో, ఆ ఊరినుంచి పారిపోయి వచ్చినవాళ్లు ఆ గది ముందు నిలబడి తమ భాషలో తమవాళ్లకు దాని గురించి చెప్పుకోగలిగారు. ఆ గోడల ముందు ఏ పండితుడి మాటా అంతగా తగలదు.

హార్నిమన్ మ్యూజియమే 2022లో ఇంకో మెట్టు ఎక్కింది. 1897లో బ్రిటిషు సైన్యం బెనిన్ నగరాన్ని దోచి తెచ్చిన వస్తువులు, తన దగ్గరున్నవి 72, వాటి హక్కును నైజీరియాకు తిరిగి ఇచ్చేసింది. ఆ నిర్ణయానికి ముందు వాళ్లు పండితులతోపాటు సందర్శకులనూ, బడిపిల్లలనూ అడిగారు. ఆ ఒక్క సంగతి నాకు ఎప్పటికీ గుర్తుంటుంది. పిల్లలకు వస్తువులు చూపించడం వేరు. వస్తువును ఏం చేయాలో వాళ్లనే అడగడం వేరు.

లండన్‌లో ఉన్నన్నాళ్లూ బ్రిటిష్ మ్యూజియంలోని అమరావతి గదికి వారానికోసారి పోయేదాన్ని. 1859లో లండన్‌కు ఓడెక్కిన రాళ్లవి. చాలాకాలం వాటిని పాలరాళ్లనే పిలిచారు. అవి మన పల్నాటి సున్నపురాళ్లు. అదీ మడతలు తెలియక చేసిన కూరుడే. ఒక ఆదివారం ఒక తెలుగు తల్లి తన ఇద్దరు పిల్లలతో వచ్చింది. పిల్లలు ఇంగ్లిషులో అడుగుతున్నారు, ఆమె గుంటూరు మాటతీరులో జవాబు చెప్తోంది. "ఈ రాయి మన ఊరికాడిదేరా" అంది. చిన్నవాడు చెయ్యి చాపాడు. మధ్యలో అద్దం ఉంది.

ఇప్పుడు మన దగ్గరికి వస్తాను. మా మ్యూజియంలో ఒక పాత నకాషీ పటం ఉండేది. చేర్యాల నకాషీలు వేసేలాంటిది. గుడ్డకు సుద్ద, చింతగింజల గంజి పట్టించి, ఎర్రటి నేల మీద బొమ్మలు. అడ్డపట్టీలుగా గజాల కొద్దీ పొడవు. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ పురాణం చెప్తారు, ముదిరాజులకు కాకిపడగలవారు పాండవుల కథ చెప్తారు, మాదిగలకు డక్కలివారు జాంబపురాణం చెప్తారు. ఎవరి పటం వారిది, ఎవరి ఊళ్ల మీద వారికి మిరాశీ. కొత్త పటానికి ముహూర్తం చూసి పూజ చేస్తారు. పాతబడి చినిగిన పటాన్ని, మనిషికి కర్మ చేసినట్టే చేసి నీళ్లలో కలిపేస్తారు. మ్యూజియంలో చదువుకున్న మాకు ఇది వింటే గుండె ఆగినంత పనైంది. కలపకుండా మాకిస్తే దాచేవాళ్లం కదా అనుకున్నాం. వాళ్లకు పటం కథకు ఒళ్లు. ఒళ్లు పోతే ఇంకో ఒళ్లు వస్తుంది, కథ పోకూడదు. మేం ఒళ్లు దాచి కథ పోగొడుతున్నాం.

ఒక ఊళ్లో బడిపిల్లలకు చూపించడానికి ఆ పటాన్ని అచ్చంగా గుడ్డ మీద ముద్రించుకుని తీసుకెళ్లాం. బడి గోడకు పైనుంచి కిందిదాకా విప్పి వేలాడదీశాం. నేను మైకు అందుకోబోతుండగా, వెనక నిలబడ్డ ఒక పెద్దాయన ముందుకొచ్చాడు. కూనపులి ఆయన. పటాన్ని కిందినుంచి పైకి ఒకసారి చూసి, "చుట్టుండ్రమ్మా" అన్నాడు. ఎందుకన్నాను. "మొత్తం ఒక్కపారే చూపిస్తే కథ ఏముంటది?"

చుట్టాం. రెండు గుంజలు పాతి, ఆయన చెప్పినట్టు కట్టాం. ఆయన ఒక్కో జానెడు విప్పుతూ, పుల్లతో బొమ్మను తాకుతూ పాడాడు. ఏ బొమ్మ తర్వాత ఏది వస్తుందో ఆయనకు తెలుసు, పిల్లలకు తెలియదు. పిల్లలు కూర్చున్నచోటినుంచి జరిగి జరిగి ముందుకొచ్చేశారు. పులినెక్కిన మూర్తి దగ్గరికి వచ్చేసరికి ఆగాడు. మా లేబుల్లో 'పులిపై స్వారీ చేస్తున్న వీరుడు, గుర్తు తెలియదు' అని ఉంది. ఎవరో ఆయనకు చదివి వినిపించారు. ఆయన నా వైపు చూసి, "భావనారుషి తల్లీ! సాలోళ్ల మూలపురుషుడు. గుర్తు తెలియదని ఎట్ల రాసిండ్రు?" అన్నాడు. కోపంగా అనలేదు. నొచ్చుకుని అన్నాడు. కోప్పడి ఉంటే నాకు తేలికగా ఉండేది.

లేబుల్ ఆ నెలలోనే మార్పించాను. కానీ ఇంకో సంగతి మార్చలేకపోయాను, అది ఇవాళ ఈ సభలో చెప్పుకోవాలి. ఆ పూట మాతో వచ్చి పావుగంట మాట్లాడిన వక్తకు గౌరవ పారితోషికం వోచరు ఉంది. మూడు గంటలు పాడిన కూనపులి ఆయనకు బస్సుచార్జీ, భోజనం, 'ఇతర ఖర్చులు' అనే పద్దు కింద. పారితోషికం ఇవ్వాలంటే చదువు తాలూకు పత్రం జతచేయాలన్నారు పైవాళ్లు. నేను రెండేళ్లు ఉత్తరాలు రాశాను. అప్పటికీ ఆ పద్దు మారలేదు.

మనవాళ్లను దేశం గుర్తించని రోజులు కావివి. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. సొరకాయ బుర్రలు, వెదురు, తేనెమైనంతో అతికించిన మెట్లు, వాటి మీద పండుగ సాయన్న కథ. అదే ఏడాది కోయల కథాగాయకుడు సకిని రామచంద్రయ్యకూ పద్మశ్రీ ఇచ్చారు. సమ్మక్క సారలమ్మ కథ ఆయన గొంతులో విన్నవాళ్లు మరిచిపోలేరు. 2024లో ఆయన వెళ్లిపోయారు. జయధీర్ తిరుమలరావుగారి వంటివారు ఆదివాసీల, సంచార కళాకారుల వాయిద్యాలనూ పటాలనూ జీవితమంతా వెతికి కూడబెట్టారు. కాబట్టి వస్తువులు లేక కాదు. వాయించే మనిషిని మ్యూజియం జీతాల పట్టీలోకి తీసుకోలేకపోవడమే కొరత. కిన్నెరను అద్దాల బీరువాలో పెట్టడానికి బడ్జెట్టు ఉంది. దాని మెట్టు ఊడితే మైనం ఎంత వేడిచేసి అతికించాలో తెలిసిన మనిషికి నెలకింత అని ఇవ్వడానికి పద్దు లేదు.

నేను అడిగేవి పెద్దవి కావు. మ్యూజియం బడికి వెళ్లినప్పుడు ఆ ఊళ్లో ఆ వస్తువు గురించి తెలిసినవాళ్లెవరో ముందుగా వాకబు చేయాలి. వాళ్లు చెప్పింది రాసుకుని లేబుల్లో చేర్చాలి, చెప్పినవాళ్ల ఇష్టంతో, వాళ్ల పేరుతో. కథ చెప్పినవాళ్లకు వక్తకిచ్చినంత ఇవ్వాలి. అన్నిటికంటే ముఖ్యం, ఒకే బడికి రెండోసారి వెళ్లాలి. మన నివేదికల్లో ఎంతమంది పిల్లలకు చూపించామన్న లెక్క ఉంటుంది. రెండోసారి వెళ్లినప్పుడు "మా తాత ఇట్ల వాయిస్తడు" అని ఎంతమంది లేచి చెప్పారన్న లెక్క ఎక్కడా లేదు. మొదటిసారి పిల్లలు వింటారు. చెప్పడం రెండోసారి మొదలుపెడతారు. ఒక్కో బడి ముఖం ఒక్కసారే చూసే మ్యూజియం బస్సు ఎంత దూరం తిరిగినా, ఖాళీగానే తిరిగొస్తుంది.

సారుకు ఇవేవీ ఎవరూ నేర్పలేదు. ఆయన ట్రంకుపెట్టె ఆయన పోయాక వాళ్లింటివాళ్లు నాకిచ్చారు. జపాన్ కాగితపు విసనకర్ర ఉంది, మడత దగ్గర చినిగింది. నిర్మల్ బొమ్మ ఉంది, ఒక చెయ్యి లేదు. గోండుల పిల్లనగ్రోవి ఉంది. చిన్న చెక్కపెట్టె మీద ఇనుప నాలుకలు బిగించిన ఆఫ్రికా వాయిద్యం ఉంది, బొటనవేళ్లతో మీటేది. టాంజానియాలో పనిచేసి వచ్చిన పాత విద్యార్థి ఇచ్చాడట. అన్నిటి అడుగున ఒక నోటుబుక్కు. ఏ బడిలో, ఏ రోజున, ఏ వస్తువు చూసి ఏ పిల్ల ఏమన్నదో రాసుకున్నారు. ఆయన చెప్పిన పాఠం ఒక్క ముక్క లేదు, పిల్లల మాటలే. 1974 పేజీ తిప్పి చూశాను. "ఆమె తల వంచుకుంది, ఆయన వంచలేదు" అని ఉంది, ఆ పిల్లవాడి పేరుతో.

ఆ పెట్టె ఇవాళ తెచ్చాను. ఈ బల్ల పక్కనే ఉంది. ముందు వరసలో కూర్చున్న పిల్లలు నేను మాట్లాడుతున్నంతసేపూ దాన్నే చూస్తున్నారు, నేను గమనిస్తూనే ఉన్నాను. దానికి తాళం లేదు, సారు ఎప్పుడూ వేయలేదు. రండి. ఆ ఇనుప నాలుకల్లో ఒకటి వదులైంది, మెల్లగా మీటండి. నోటుబుక్కులో ఇంకా ఖాళీ పేజీలున్నాయి. పెన్ను నా దగ్గరుంది.